నూషాకు అబద్ధం నేర్పడం

లెక్కకు పన్నెండు రోజులు

పద్నాలుగో బావికీ పదిహేనో బావికీ మధ్య ఒండ్రు తీశాను. ఎనిమిది బకెట్లు. నీరు మోకాలి లోతు, గోరువెచ్చన. గోడలు బాగానే ఉన్నాయి.

ఇది కాలువ పుస్తకంలో ముందువైపు రాసింది. మిగతాది పుస్తకం తిరగేసి వెనక పేజీల్లో రాస్తున్నాను. ఒండ్రు గురించి చదువుదామని ఈ జమ్ కోటలో ఎవరికీ సరదా ఉండదు కాబట్టి, ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ తెరవరు. నా పేరు దేనక్. కొండ కింది వేడి ఊట నుంచి కోటలోకి నీళ్ళు తెచ్చే, దారి పొడవునా బావులున్న సొరంగ కాలువను చూసుకునే మనిషిని. నాకు ముందు మా నాన్న చూశాడు.

మధ్యాహ్నం నా కూతురు నూషా రొట్టె తెచ్చింది. దానికి ఏడేళ్ళు. పద్నాలుగో బావి దగ్గర గాలి మంచిది కాదు, దీపం ఒక్కోసారి ఆరిపోతుంది. ఇవాళా ఆరిపోయింది.

"కదలకు, నీళ్ళలో పడతావు" అన్నాను.

"నేను కదలట్లేదమ్మా. నీ చెయ్యే వణుకుతోంది" అంది.

నా చెయ్యి వణకడం చీకట్లో దానికెలా తెలిసిందని తల తిప్పి చూశాను. దాని మెడ మెరుస్తోంది. చెవుల వెనక, వేళ్ళ చివర్లలో కూడా పలచటి మజ్జిగ రంగు వెలుగు ఉంది. ఆ వెలుగులో నా చేతిలోని రొట్టె కనిపించింది, రొట్టె మీద నా బొటనవేలు కనిపించింది. రొట్టె పట్టుకునే ఆ నీళ్ళలో కూర్చుండిపోయాను.

మా పాత భాషలో దీన్ని ఫర్రా అంటారు. రాజయ్యే అర్హత ఉన్న మనిషి మీద వాలే తేజస్సు అది. పైన మంచు కమ్మక ముందు, మా పెద్దలు ఊట నీళ్ళలో కంటికి కనబడనంత చిన్న మిణుకులను వదిలారట. ఆ నీళ్ళు తాగిన అందరి ఒంట్లోకీ అవి చేరతాయి. ఆ మనిషి ఒకరిని మోసం చేసి నమ్మించిన క్షణంలో చచ్చిపోతాయి. మాటలు రాని పిల్లలంతా కాస్తో కూస్తో మెరుస్తారు. మాటలు వచ్చాక ఆరిపోతారు. మన జాతి గురించి అంతకంటే చెప్పేదేముంది? పాలపళ్ళు ఊడే వయసు వచ్చినా ఇంకా మెరిసేవాళ్ళు చాలా అరుదు. వాళ్ళను వెతకడానికే ఏటా ఒకసారి ఇంటింటికీ వచ్చి, దీపాలార్పి, చీకటి లెక్క తీస్తారు. పన్ను ఊడని పిల్లలను లెక్కలోకి తీసుకోరు.

నూషాకు మొదటి పన్ను ఊడి తొమ్మిది రోజులైంది.

లెక్కకు పదకొండు రోజులు

ఇవాళ పని చేయలేదు. ముందువైపు "నడుము నొప్పి" అని రాశాను. నాకు అబద్ధం రాయడం ఎంత తేలికో చూసుకుని నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

లెక్కలో ఎవరైనా మెరిస్తే ఆ ఇంటికి పండగ. అర్దవాన్ రాజుగారు డప్పులతో మనుషులను పంపుతారు. ఇంటివాళ్ళకు తేనె ముద్దలు పంచి, మెరిసిన మనిషిని వారసుడిగా పై మేడకు తీసుకుపోతారు. ధర్మం ప్రకారం రాజు వాళ్ళకు పాలన నేర్పి, తన చోటు ఇచ్చి తప్పుకోవాలి. ఆయన గద్దెక్కిన తొమ్మిదేళ్ళలో ఏడుగురిని తీసుకెళ్ళారు. ఒక్కరూ కిందికి దిగలేదు. అడిగితే "చదువుకుంటున్నారు" అంటారు. అడగడం కూడా అందరం మానేశాం.

మా నాన్న పెట్టిన నియమం ఒకటుంది. రాజుగారి మేడలోని పై తొట్టి నుంచి పొర్లి వచ్చే నీటిలో ఏ తేడా కనిపించినా పుస్తకంలో రాయాలి, ఒక సీసాలో ఒండ్రు పట్టి తేదీ వేసి ఉంచాలి. పాత పేజీలు తిరగేశాను. "పొర్లు నీరు మెరుస్తోంది. మూడు రోజులు." ఇలా ఏడుసార్లు ఉంది. ఏడూ నా దస్తూరీయే. ఏడు సీసాలు అటక మీద ఉన్నాయి. డప్పులు మోగిన తేదీలు నాకు గుర్తే. ప్రతిసారీ డప్పులు మోగిన మర్నాడే నీరు మెరిసింది.

పై తొట్టికి గొట్టం ఒక్కటే ఉంది. అది రాజుగారి తాగునీటి కుండలోకి పోతుంది. దాన్ని బిగించింది మా నాన్న, దీపం పట్టుకుని నిలబడింది నేను. కొత్త ఏడు పండగకు దీపాలన్నీ ఆర్పించి రాజుగారు మేడ అంచున నిలబడతారు. ముఖం, చేతులు వెన్నముద్దలా మెరుస్తూ ఉంటే ఊరంతా నేలకు వంగుతుంది. వారసుడు దొరికిన ఏడు ఆయన ఇంకా బాగా మెరుస్తారు. "వారసుణ్ణి చూసిన సంతోషం" అని ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు.

ఏడుసార్లు చూశాను, ఏడుసార్లు రాశాను, ఒక్కసారీ ఆలోచించలేదు. నాకు ఒండ్రు తప్ప ఏమీ పట్టదని నా భర్త బర్జిన్ ఎగతాళి చేసేవాడు. ఆయన సొరంగం కూలి చనిపోయాడు. ఉండుంటే ఈ పేజీలు ఆయనకు చూపించి ఉండేదాన్ని.

లెక్కకు పది రోజులు

పారిపోదామా అంటే ఎక్కడికి? పై తలుపు తీస్తే రెండు వందల పన్నెండేళ్ళ మంచు. వంద అడుగులు నడిచేలోపు కనురెప్పలు అతుక్కుపోతాయి.

మా కోట కట్టిన జమ్ కథ ఇక్కడ ప్రతి పిల్లకూ చెబుతారు. ఆయన మొదటి రాజు. మంచు వస్తుందని ముందే తెలుసుకుని నేల కింద ఊరు తవ్వి జనాన్ని, పశువులను, విత్తనాలను కాపాడాడు. ఒకనాడు జనం ముందు నిలబడి "ఇదంతా నా ఒక్కడి గొప్పే" అన్నాడు. అది అబద్ధం. వెంటనే తేజస్సు పిట్టలాగా ఆయన మీంచి లేచిపోయింది. మూడు విడతలుగా పోయిందట. మూడోసారి పోయాక ఆయన మాట ఎవరూ వినలేదు. అబద్ధమాడొద్దని భయపెట్టడానికి చెప్పే కథ ఇది.

నాకు మాత్రం ఈ రోజు ఆ కథలో దారి కనిపించింది. అబద్ధమాడితే వెలుగు పోతుంది. వెలుగు పోతే నా పిల్ల బతుకుతుంది.

మొదటి పాఠం మొదలుపెట్టాను.

"నూషా, రొట్టె తిన్నావా?"

"తిన్నా."

"తినలేదని చెప్పు."

"ఎందుకూ? తిన్నాగా."

"ఊరికే చెప్పవే."

"ఆకలేస్తే నువ్వు తినమ్మా. నాకు కడుపు నిండిపోయింది" అంది.

దీని నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటావిడ మొహం మీదే "నీ దగ్గర ఉల్లిపాయ వాసనొస్తోంది" అనే రకం. ఎన్నిసార్లు మొట్టికాయలు వేశానో. ఆ మొట్టికాయలు ఇంకా గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

లెక్కకు ఎనిమిది రోజులు

నూషాకు ఆట అర్థమైంది. నిన్నటి నుంచి ఆపడం లేదు. "అమ్మా, నువ్వు మేకవి. నీకు నాలుగు కొమ్ములు." "నాన్న పొద్దున వచ్చి పాలు తాగి వెళ్ళాడు." ఆ చివరిదాన్ని కూడా మెచ్చుకున్నాను. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలని మా అమ్మమ్మ గుసగుసగా అనేది. ఇక్కడ ఆ సామెత పైకి అనరు.

పని నుంచి రాగానే తలుపు మూసి దీపం ఆర్పాను. దాని వెలుగు ఇసుమంతైనా తగ్గలేదు. నవ్వుతుంటే పళ్ళ సందుల్లోంచి కూడా కనిపించింది.

రెండు రోజుల నుంచి నేను ఎంత తెలివితక్కువగా నడుచుకున్నానో అప్పుడు తెలిసింది. అది చెప్పేది అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని దానికి తెలుసు. ఇక అందులో మోసపోయింది ఎవరు? అది నిజంగా ఎవరినో ఒకరిని నమ్మించాలి. ఆ ఒకరు నేను కాకూడదు. అంటే దానికి నేర్పడానికి నేను తప్ప ఎవరూ లేరు, అది నమ్మించి చూసుకోవడానికి మాత్రం నేను పనికిరాను.

లెక్కకు ఏడు రోజులు

మా అత్తగారు ఆజర్మి పక్క గదిలోనే ఉంటారు. నూషా అంటే ప్రాణం. ఆమె తాగే నీలం గిన్నె బర్జిన్ చిన్నప్పుడు మట్టితో చేసి కాల్చింది. పొద్దున ఆ గిన్నెను నేనే పగలగొట్టాను. చేతులారా, నేలకేసి. "నానమ్మ అడిగితే నాకు తెలియదని చెప్పు" అని నూషాకు నూరిపోశాను.

అది తిన్నగా వెళ్ళి, "నానమ్మా, అమ్మ నీ గిన్నె పగలగొట్టింది. నాకు తెలియదని చెప్పమంది" అంది.

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో పెంకులున్నాయి.

"నా కొడుకు ఇంట్లో పసిదానికి అబద్ధాలు నేర్పుతున్నావా? బుద్ధుండే చేస్తున్నావా అమ్మాయ్?"

ఏం చెప్పినా నమ్మేలా లేరు. ఆవిణ్ణీ నూషానూ సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి దీపం ఊదేశాను. పెంకులు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. మనవరాలి వెలుగులో అత్తగారు వంగి దాని పాదాలు ముట్టుకోవడం చూశాను.

"రాజు పుట్టింది" అన్నారు. "మన ఇంట్లో. అర్దవాన్ గారికి ఇవాళే కబురు పంపాలి. నా కొడుకుంటే ఎగిరి గంతేసేవాడు."

నూషాను బయటికి పంపి ఏడు సీసాలూ దించాను. పోయిన వసంతంలో పట్టిన ఏడోది ఇంకా తడిగానే ఉంది. అది ఇప్పటికీ మెరుస్తోంది. పుస్తకంలో తేదీలు ఒక్కొక్కటిగా చదివి వినిపించాను. ప్రతి తేదీకీ ఎవరి ఇంట్లో డప్పులు మోగాయో ఆవిడే చెప్పారు. నేతపనివాడి కొడుకు. మంత్రసాని చెల్లెలు. మూడోదానికి వచ్చేసరికి పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆ తేనె ముద్దలు నేనూ తిన్నాను" అన్నారు.

లెక్కకు అయిదు రోజులు

చూపరి వచ్చాడు. చీకటి లెక్క తీసే ఉద్యోగిని చూపరి అంటారు. మా ఇళ్ళ వరుసకు వచ్చేవాడి పేరు వెస్తాం. నలభై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ జలుబు, మాట మెత్తన. గట్టిగా అరిచేవాడైతే నాకు ఇంత భయముండేది కాదు.

చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది. "అక్కా, మీ వరుస స్నానాల నీళ్ళు పోయే తూము దగ్గర పట్టాను. చూడండి" అని దీపానికి కొంగు అడ్డం పెట్టమని మూత తీశాడు. అడుగున సన్నగా మెరుపు ఉంది.

"ఈ నలభై ఇళ్ళలో ఎవరో ఉన్నారు. మంచి కబురే కదా. మీకేమైనా తెలుసా?"

"నాకు కాలువ నీళ్ళ సంగతే తెలుసు, స్నానాల నీళ్ళ సంగతి తెలియదు" అన్నాను. ఎంత నిబ్బరంగా అన్నానో.

అతను నవ్వి, ముక్కు తుడుచుకుని, నూషా ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఏమ్మా, పళ్ళు ఊడాయా?"

నేను దాని వెనక నిలబడి ఉన్నాను. భుజం నొక్కాను.

"ఒకటి ఊడింది. అమ్మ భుజం నొక్కుతోంది" అంది నూషా.

వెస్తాం తలెత్తి నన్ను చూశాడు. చీటీలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

లెక్కకు నాలుగు రోజులు

అత్తగారు నన్ను పక్కకు పిలిచారు. రెండు రోజులుగా ఆవిడ సరిగా తినడం లేదు.

"నువ్వు నేర్పేదంతా తప్పు అమ్మాయ్. అబద్ధం నేర్పితే రాదు. భయముంటే అదే వస్తుంది. మనకెట్లా వచ్చింది? దెబ్బలు తప్పించుకోడానికే కదా. ఆ పిల్లకు భయమంటే ఏంటో తెలీదు. నువ్వు తెలియనిచ్చావా?"

నిజమే. నేనొక్కదాన్నే వణుకుతున్నాను. దానికి ఇదంతా ఆట.

చెప్పాను. మంచం మీద కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని, తొట్టి గురించి చెప్పాను. ఏ తల్లీ ఏ పిల్లకూ చెప్పకూడని మాటలు. చెబుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

"నన్ను నీళ్ళలో ముంచుతారా?"

"అవును."

"రాజు నన్ను తాగుతాడా?"

అది నా మొహం చూసింది, జవాబు అక్కడే దొరికింది. ఏడవలేదు. మంచం దిగి నీళ్ళ కుండ మీద మూత సరిగా పెట్టి వచ్చింది.

లెక్కనాడు ఏం జరుగుతుందో కూడా చెప్పాను. దీపం ఆర్పే ముందు చూపరి ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళను "ఈ ఇంట్లో వెలిగేది ఎవరు?" అని మూడుసార్లు అడుగుతాడు. జమ్ నుంచి తేజస్సు మూడుసార్లు పోయింది గనక మూడుసార్లు అడగడం ఆచారం. అందరూ "ఎవరూ లేరు" అంటారు. ఎవరూ పట్టించుకోరు, పెళ్ళిలో తలూపినట్టే. "నువ్వూ అదే చెప్పు. అతను నమ్మాలి. నువ్వు నమ్మించాలి. మూడుసార్లు." నూషా తలూపింది.

లెక్కకు ఒక రోజు

లెక్క మా వరుస మొదట్లో మొదలైంది. రోజుకు ఇరవై ఇళ్ళు. మా ఇల్లు చివరిది, రేపు వస్తారు. ఇవాళ ఇరవై ఇళ్ళూ చీకటిగానే తేలాయట.

నూషా నీళ్ళు తాగడం మానేసింది. బలవంతం చేస్తే పెదవులు తడుపుకుంటుంది. నిద్రలో నా చెయ్యి వదలదు. భయం వచ్చింది, వెలుగు మాత్రం అలాగే ఉంది. భయం ఒక్కటే సరిపోదని తెలిసింది. పాపం, దాని భయం కూడా నిజమైనదే.

ఊరికి నేనేం చేస్తున్నానో నాకు తెలుసు. పై మేడలో ఉండాల్సిన మనిషి నా పక్కన ముడుచుకుని పడుకుని ఉంది. పక్కింటావిడతో మొహం మీదే నిజం చెప్పినట్టు ఊరందరికీ నిజం చెప్పే రాణి. ఈ కోటకు తొమ్మిదేళ్ళుగా లేనిది అదే. దాన్ని నేను నా చేతులతో ఆర్పాలని చూస్తున్నాను. ఊరా, నా కూతురా అంటే నాకు ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది. అయినా మార్చుకోను.

లెక్క రోజు

ముందువైపు ఈ రోజు ఏమీ రాయలేదు. జరిగింది వరుసగా రాస్తాను.

మధ్యాహ్నం భోజనాల వేళకు వెస్తాం వచ్చాడు. ఇద్దరు కాపలావాళ్ళు గుమ్మం బయట నిలబడ్డారు, ఒకడి మెడలో డప్పు ఉంది. గదిలో మేం ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నేను ఒక పక్క, మధ్యలో నూషా, అటువైపు అత్తగారు. ఆవిడ దుప్పటి నిండా కప్పుకుని, చేతులు లోపల పెట్టుకుని ఉన్నారు. చలేస్తోందన్నారు. కాలువ వాసన వేసింది. నా బట్టల నుంచేమో అనుకున్నాను.

వెస్తాం దీపం ముందు కూర్చుని ముక్కు తుడుచుకున్నాడు.

"ముప్పై తొమ్మిది ఇళ్ళు చీకటే అక్కా. మీదే మిగిలింది." కొంచెం ఆగాడు. "తూములో మెరుపు నా కళ్ళతో చూశాను. ఇక్కడ కూడా ఎవరూ లేరంటే ఎవరో దాస్తున్నట్టే. అప్పుడు ముగ్గురినీ పైకి తీసుకుపోవాలి. మేడలో ఏడు రోజులు చీకటి గదిలో కూర్చోబెడతారు. నాకిష్టం లేదు, కానీ పద్ధతి అది."

అప్పుడు తెలిసింది నేను చేసిన పొరపాటు. మా ఇల్లు చివరిదని నాకు మొదటి నుంచీ తెలుసు. మిగతా ఇళ్ళన్నీ చీకటిగా తేలితే "ఎవరూ లేరు" అన్న మాటను ఎవరూ నమ్మరని తట్టలేదు. నమ్మని అబద్ధానికి వెలుగు పోదు. నాలుగు రోజులు దానికి ఒకే మాట నూరిపోశాను. ఆ మాట ఎందుకూ పనికిరాకుండా పోయింది. చెవిలో ఇంకో మాట చెప్పడానికి వీల్లేదు. అతను ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"నూషా" అన్నాడు. "భయపడకు తల్లీ. ఈ ఇంట్లో వెలిగేది ఎవరు?"

నూషా నన్ను చూసింది. నా మొహంలో ఏముందో నాకు తెలియదు. నానమ్మను చూసింది. ఆవిడ దీపాన్నే చూస్తున్నారు.

"నానమ్మ" అంది.

వెస్తాం ఉలిక్కిపడ్డాడు. అరవై ఏళ్ళ ఆవిడ.

"నానమ్మా? సరిగ్గా చెప్పు. ఈ ఇంట్లో వెలిగేది ఎవరు?"

"నానమ్మే. నేను చూశాను. సామాన్ల గదిలో." గొంతు వణికింది, కానీ కళ్ళు దించలేదు. సామాన్ల గదిలో వెలిగింది ఎవరో ముగ్గురికీ తెలుసు.

అత్తగారు నెమ్మదిగా అన్నారు. "చిన్నపిల్ల. దాచమన్నాను, దాచలేకపోయింది."

"మూడోసారి అడుగుతున్నా తల్లీ. ఈ ఇంట్లో వెలిగేది ఎవరు?"

"మా నానమ్మ" అంది. ఈసారి గొంతు వణకలేదు.

వెస్తాం దీపం వత్తిని వేళ్ళతో నలిపేశాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో తెలియదు. తెరవాలంటే ధైర్యం చాల్లేదు. చివరకు తెరిచాను. నా పక్కన నూషా కూర్చున్న చోట ఏమీ లేదు, ఒట్టి చీకటి. చెయ్యి చాచి చూసుకున్నాను, అక్కడే ఉంది. ఒళ్ళంతా చెమట. అటువైపు దుప్పటి జారింది. అత్తగారి నుదురు, చెంపలు, రెండు అరచేతులు మెరుస్తున్నాయి. ఏడో సీసా ఏమైందో నాకు అప్పుడు అర్థమైంది. దీపం ఆరగానే అరచేతులు ముఖానికి రాసుకుని ఉంటారు.

"నిరుడు మీరు మెరవలేదే అవ్వా" అన్నాడు వెస్తాం చీకట్లోంచి.

"ఫర్రా ఎప్పుడు ఎవరి మీద వాలుతుందో చెప్పడానికి నువ్వెవరు, నేనెవరు నాయనా? జమ్ మీంచి లేచి ఎవరెవరి మీద వాలిందో చిన్నప్పుడు వినలేదా?"

అతను లేచి ఆవిడకు చెయ్యందించాడు. దీపం మళ్ళీ వెలిగించాక చూశాను, అతని వేళ్ళకు బురద అంటింది. ఆ వేళ్ళు ముక్కు దగ్గరకు తీసుకెళ్ళాడు. జలుబు మనిషికి వాసన తెలుస్తుందో లేదో నాకు తెలియదు. నన్ను చూశాడు, నూషాను చూశాడు. వేళ్ళు తన చొక్కాకు తుడుచుకుని, "నడవండి అవ్వా" అన్నాడు.

బయట డప్పు మోగింది. అత్తగారు గుమ్మం దగ్గర ఆగి, "పొయ్యి మీద పప్పుంది. అడుగంటుతుంది చూసుకో" అన్నారు. మనవరాలి వైపు తిరగలేదు. తిరిగి ఉంటే ఎవరో ఒకరం బయటపడిపోయేవాళ్ళం.

తేనె ముద్దలు తెచ్చి పెట్టి వెళ్ళారు. బల్ల మీదే ఉన్నాయి.

లెక్క తర్వాత మూడు రోజులు

పై తొట్టి పొర్లు నీరు మూడు రోజులూ చూశాను. మామూలుగా ఉంది. ముందువైపు అలాగే రాశాను: "పొర్లు నీరు మామూలు." ఈ పుస్తకంలో ఇంతకంటే భయపడుతూ ఏ వాక్యమూ రాయలేదు. అత్తగారి ఒంట్లో మిణుకులు లేవు, తొట్టిలోకి ఏమీ చేరలేదు. కొత్త ఏడు పండగకు ఇంకా యాభై రోజులున్నాయి. దీపాలన్నీ ఆర్పించి రాజుగారు మేడ అంచుకు వస్తారు. ఆయన మెరవకపోతే ఊరు ఏం చేస్తుందో తెలియదు. దానికి ముందే ఆయన ఏం చేస్తాడో కూడా తెలియదు. అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా అది వెస్తామే అనుకుంటున్నాను. అతను ఇప్పటిదాకా రాలేదు.

నూషా నీళ్ళు తాగుతోంది. అన్నం తింటోంది. పక్కింటావిడ వచ్చి "మీ నానమ్మ అదృష్టవంతురాలు" అంటే, "అవును, చదువుకుంటోంది" అంది. ఆవిడ నమ్మి బుగ్గ గిల్లి వెళ్ళింది.

పని నుంచి వచ్చి, అడగాలా వద్దా అని చాలాసేపు ఆగి, చివరకు అడిగాను.

"నానమ్మ పేరు చెప్పమని నీకెవరు చెప్పారు? నానమ్మేనా?"

అది బొమ్మతో ఆడుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఎవరూ చెప్పలేదు."

ఆవిడే చెప్పి ఉంటే, చెప్పానని నాకు తెలియనివ్వొద్దని కూడా చెప్పి ఉంటారు. అది ఆవిడ పద్ధతే. ఎవరూ చెప్పకపోతే, ఏడేళ్ళ పిల్ల దీపం ముందు కూర్చుని, మా ఇద్దరి మొహాలూ చూసి, ఎవరిని ఇవ్వాలో తనే తేల్చుకుంది. రెండింటిలో ఏది నిజమో నాకు తెలియాలి. తెలియకుండా దీనితో ఈ గదిలో ఎలా బతకను?

లేచి దీపం ఆర్పాను. గది మొత్తం చీకటైపోయింది. దాని మొహం ఉన్న వైపు చూస్తూ నిలబడ్డాను. చూడటానికి ఏమీ లేదు.

"అమ్మా" అంది చీకట్లోంచి. "నమ్మావా?"

ఏడేళ్ళలో నూషా నన్ను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. నమ్మానని చెప్పాను.